పన్నెండో రోజు బొమ్మ

"సార్, మొన్న మీరు అచ్చంపేట దవాఖానల ఉన్నరు గద. మరి ఆ బొమ్మ ఎప్పుడు గీసిన్రు?"

ఏడో తరగతి చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తప్పు పట్టాలని అడగలేదు. దవాఖానలో కూచొని కూడా బొమ్మ గీసి ఉంటారు, ఎంత పట్టుదల అని మెచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న మొఖం అది. మేము జవాబు చెప్పలేదు. అప్పుడే గంట కొట్టారు, చాక్‌పీసు పెట్టేసి బయటికి వచ్చేశాం. ఆ రోజు ఆ పిల్లకు చెప్పవలసిన జవాబునే ఇప్పుడు రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, కొంచెం ఆలస్యమూ అయింది.

మేమంటే ఐదుగురం. అమ్రాబాద్ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళం ముగ్గురం, డిగ్రీ చదివి ఊళ్ళోనే ఉన్నవాళ్ళు ఇద్దరు. మాలో చెంచులున్నారు, లంబాడాలున్నారు. ఎవరమూ బొమ్మల బడికి పోయినవాళ్ళం కాదు. పిల్లలకు సైన్సు పాఠంలో ఆకు బొమ్మ, గుండె బొమ్మ నల్లబల్ల మీద గీసీ గీసీ చేయి తిరిగినవాళ్ళం. రెండేళ్ళ కిందట అక్టోబరు నెలలో మేము ఒక పందెం కట్టుకున్నాం. ముప్పయి ఒక్క రోజులు, రోజుకొక బొమ్మ, నల్ల సిరాతో, నల్లమల మీద. గీసిన రోజే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలి. ఐదుగురికీ కలిపి ఒకటే ఖాతా, వంతులవారీగా గీయాలి.

ఈ పందెం మేము కనిపెట్టింది కాదు. అమెరికాలో జేక్ పార్కర్ అనే బొమ్మల కళాకారుడు 2009లో తన సిరా పని బాగుపడాలని అక్టోబరు నెలంతా రోజుకొకటి గీశాడు. దానికి ఇంక్టోబర్ అని పేరు పెట్టాడు. ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది ఆ మరుసటి ఏడు. ఒక మనిషి తన చేతిని సరిచేసుకోవడానికి పెట్టుకున్న నియమం కొన్నేళ్ళలో ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు అక్టోబరు వస్తే లక్షలమంది గీస్తారు, గీసింది చూపిస్తారు. మాకు ఇది చాలా నచ్చింది. గుర్తింపు కార్డు అడగదు, ఫీజు లేదు, పట్నం పోనక్కరలేదు. అయిదు రూపాయల పెన్ను, నోటుబుక్కు చాలు. సిగ్నలు మాత్రం కావాలి. అది మన్ననూరు దాటి అడవిలోకి పోతే ఎప్పుడు దొరుకుతుందో ఎప్పుడు దొరకదో మీకు తెలిసిందే. మాలో ఒకరు బొమ్మ గీయడానికి పట్టిన దానికంటే దాన్ని ఫోనులో ఎక్కించడానికి గుట్టెక్కి నిలబడ్డ సమయమే ఎక్కువ.

మొదటి పది రోజులు ఎంత బాగున్నాయో చెప్పకపోతే అన్యాయమవుతుంది. అక్టోబరు మాకు సీతాఫలం కాలం. గంపలో పండ్లు పేర్చే తీరు, కన్ను విచ్చిన కాయకూ విచ్చని కాయకూ తేడా, ఇవన్నీ చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. గీయబోతే ఒక్కటీ రాలేదు. సీతాఫలం పైన గడులు వరుసగా ఉంటాయా, అడ్డదిడ్డంగా ఉంటాయా? మళ్ళీ చెట్టు దగ్గరికి పోయి చూడవలసి వచ్చింది. విల్లుకు నారి ఎక్కడ ముడి పడుతుంది? లంబాడా అవ్వ పేటియా మీద అద్దం చుట్టూ కుట్టు ఎటు నుంచి ఎటు తిరుగుతుంది? మా ఇండ్లలో ఉన్న వస్తువులనే మేము ఎన్నడూ చూడలేదని తెలిసింది. రోజూ గీయడంలోని మేలు ఇదే. నేర్పు తర్వాత వస్తుంది. ముందు కండ్లకు పని తగులుతుంది. బడిలో పిల్లలు కూడా మేము నోటుబుక్కు తీయగానే చుట్టూ మూగి, "సార్, నక్క తోక అట్లుండదు" అని దిద్దేవాళ్ళు. వాళ్ళు చెప్పిందే నిజం.

ఆ తరువాత అంకెలు మొదలయ్యాయి. ఎనిమిదో రోజు బొమ్మకు నూట పది మంది గుండె గుర్తు కొట్టారు, తొమ్మిదో రోజు దానికి నలభై. తొమ్మిదోది మంచి బొమ్మ. కుంకుడు కాయలు ఏరుతున్న ముసలవ్వ చేతులు. ఎనిమిదోది పులి. మేము అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్కన ఉంటున్నాం గానీ గీసినవాడు పులిని అడవిలో చూడలేదు, క్యాలెండరులో చూసి గీశాడు. అయినా పదో రోజు వంతు వచ్చినవాళ్ళు ఏం గీయాలా అని కూచున్నప్పుడు మనసు చేతుల వైపు పోలేదు, పులి వైపే పోయింది. ఇది చిన్న సంగతే. కానీ నెల మొదట్లో మేము అడిగే ప్రశ్న "ఈ రోజు ఏం చూద్దాం?" పదో రోజుకు అది "ఈ రోజు ఏం చూపిద్దాం?" అయింది. మధ్యలో ఎప్పుడు మారిందో మాకే తెలియదు.

పన్నెండో రోజు వంతు వచ్చిన మిత్రుడికి తెల్లవారకముందే బిడ్డకు జ్వరం ఎక్కువైంది. బండి మీద అచ్చంపేటకు తీసుకుపోయాడు. మాలో ఇంకొకరు వెంట పోయారు. మిగిలిన ముగ్గురం రోజంతా ఫోను కోసం ఎదురుచూస్తూ బొమ్మ సంగతే మరచిపోయాం. రాత్రి పదిన్నరకు పిల్లకు నయంగా ఉందని కబురొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇంకా గంటన్నర ఉంది. కరెంటు లేదు. గీయవచ్చు, దీపం పెట్టుకొనైనా గీయవచ్చు. కానీ అలసిపోయి ఉన్నాం. మాలో ఒకరి దగ్గర ఆ మిత్రుడు అంతకు ముందటేడు బడి గోడపత్రికకు గీసిన బొమ్మ ఫోనులో ఉంది. ఇప్పచెట్టు కింద పూలు ఏరుతున్న ఆడవాళ్ళు. దాన్ని పెట్టి కింద రాశాం: "12వ రోజు. ఈ రోజు గీసినది." పదకొండు నలభైకి ఎక్కింది. గొలుసు తెగలేదని ముగ్గురం సంతోషపడి పడుకున్నాం. ఇప్ప పూలు ఎండాకాలం మొదట్లో రాలుతాయి. అక్టోబరులో ఏరుతున్న ఆడవాళ్ళను చూసి కూడా ఒక్కరూ అడగలేదు. ఆ గోడపత్రిక ముందు రోజూ నిలబడి చదివిన ఏడో తరగతి అమ్మాయి అడిగింది.

ఇది అబద్ధమా? మేము చాలా వాదించుకున్నాం. చదువుకున్నవాళ్ళం గదా, సాకులకు కొదవ లేదు. బొమ్మ మనదే, ఎవరిదీ దొంగిలించలేదు. చూసినవాళ్ళకు నష్టం లేదు, వాళ్ళకు మంచి బొమ్మే దొరికింది. ఒకరోజు అటో ఇటో అంతే. పైగా ఆ రోజు మేము చేసిన పని బొమ్మ కంటే పెద్దది, పిల్లను బతికించుకున్నాం. ఇవన్నీ నిజమే. కానీ ఒక్క సంగతి దగ్గర ఈ సాకులన్నీ ఆగిపోయాయి. మేము నెల మొదట్లో లోకానికి ఇచ్చిన మాట ఏమిటి? మంచి బొమ్మ గీస్తామని మాట ఇవ్వలేదు. అందమైనది చూపిస్తామని ఇవ్వలేదు. "ఈ రోజుది ఈ రోజు" అని మాత్రమే ఇచ్చాం. ఆ పందెంలో నిజం కావలసింది ఆ ఒక్క మాటే. మిగతావన్నీ నిజంగా పెట్టి ఆ ఒక్కదాన్నే అబద్ధం చేశాం. తేనెలో కల్తీ లేదు, సీసా మీద పేరు తప్పు అన్నట్టు కూడా కుదరదు. మేము అమ్మిందే ఆ పేరును.

ఇంతకీ మేము భయపడింది దేనికి? ఆ గొలుసు తెగితే ఏమవుతుంది? ఎవరూ జరిమానా వేయరు. ఆ భయం ఎంత వింతదో ఇంకో మనిషి కథ చదివిన తరువాత తెలిసింది. ఆయన పేరు టెచింగ్ షే, తైవాన్‌లో పుట్టాడు. అమెరికాకు పోయి కాగితాలు లేకుండా న్యూయార్కులో బతికాడు. 1980 ఏప్రిల్ 11న ఆయన ఒక పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో కూలీలు హాజరు వేసుకునే గడియారం లాంటిది గదిలో పెట్టుకొని, గంట గంటకూ, పగలూ రాత్రీ, దాని మీద కార్డు కొట్టాలి. ఏడాది పాటు. మొత్తం 8,760 సార్లు. గంటకొకసారి లేవాలంటే ఎన్నడూ ఒంటినిండా నిద్ర ఉండదు, ఊరు దాటి పోవడం ఉండదు. తరువాతి ఏడు అదే తేదీకి పని ముగించాడు. అందులో 133 సార్లు తప్పాయి. నిద్రపోయి 94 సార్లు, ఆలస్యమై 29 సార్లు, ముందుగానే కొట్టేసి 10 సార్లు. ఈ లెక్క ఎవరో విమర్శకులు కనిపెట్టింది కాదు. తప్పినవెన్నో లెక్కగట్టి ఆ పనిలో భాగంగానే ఆయన చూపించాడు. తప్పులను దాచి 8,760 అని చెప్పి ఉంటే మేము ఆయన్ని నమ్మేవాళ్ళం కాదేమో. 94 సార్లు నిద్రపోయాడు అంటేనే మిగతా అన్నిసార్లు లేచాడని నమ్మకం కలుగుతుంది.

మేము ఇంత దూరం న్యూయార్కు దాకా పోనక్కరలేదు. అమ్రాబాద్ వీధిలో ధనుర్మాసంలో తెల్లవారుజామున నడిచినవాళ్ళకు తెలుసు. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా నెల రోజులు ప్రతి వాకిట్లో రోజుకొక కొత్త ముగ్గు. ఇంక్టోబర్ పుట్టకముందు ఎన్ని తరాల నుంచో ఉన్న రోజువారీ పందెం అది. చూసేవాళ్ళూ ఉన్నారు, పక్కింటామె ముగ్గు చూసి రాత్రి చుక్కలు లెక్కపెట్టుకునే ఆడపిల్లలూ ఉన్నారు. పోటీ లేదని అనలేం, అసూయ లేదని అసలే అనలేం. కానీ పొద్దెక్కేసరికి ఆ ముగ్గు మీద కోళ్ళు నడుస్తాయి, సైకిళ్ళు పోతాయి, మరునాటికి ఊడ్చేస్తారు. బతుకమ్మ కూడా అంతే. తొమ్మిది రోజుల పండుగలో గునుగు, తంగేడు తెచ్చి పేర్చి, ఆడి, ఆ సాయంత్రమే నీళ్ళలో వదులుతారు. ఏ రోజుది ఆ రోజుదే. నిన్నటిదాన్ని ఈ రోజుదని పెట్టడానికి నిన్నటిది మిగలదు.

ఇంకొక సంగతి. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండదు. దాన్ని చూసి వీధిలో ఎవరూ "ఈమె పందెం ఓడిపోయింది" అనుకోరు. ఆ ఇంట్లో ఏదో జరిగిందని తెలుసుకుంటారు. ఎవరో ఒకరు పలకరించడానికి పోతారు. ముగ్గు లేని వాకిలి కూడా ముగ్గున్న వాకిలంత మాట చెప్తుంది. పన్నెండో రోజు మేము వాకిలి ఖాళీగా ఉంచి ఉంటే మా మిత్రుడి బిడ్డకు బాగాలేదని నలుగురికి తెలిసేది. పాత బొమ్మ వేసి ఆ రోజు ఏమీ జరగనట్టు చేశాం. బిడ్డ జ్వరాన్ని కూడా దాచినట్టే అయింది. ఈ మాట అన్నది ఆ బిడ్డ తల్లి. ఆమెకు ఇన్‌స్టాగ్రామ్ లేదు.

మాలో ఒకరి తాతను కూడా ఈ సంగతి అడిగాం. ఆయన వయసు డెబ్బయి దాటింది, ఇప్పటికీ జిగురుకు పోతాడు. రోజూ తప్పకుండా ఒక పని చేయాలంటే ఎట్లా తాతా అని అడిగితే నవ్వాడు. "రోజూ అడివికి పోతం. రోజూ దొరుకుతదా బిడ్డా? పోవుడు మన చేతిల ఉంటది. దొరుకుడు అడివి చేతిల ఉంటది. ఒట్టి గంపతోని వచ్చిననాడు ఒట్టి గంపనే. ఆకులు నింపుకొని వస్తె ఇంటోళ్ళు తింటరా?" అంతే అన్నాడు. ఆకులు నింపిన గంప అన్న మాట మా నలుగురైదుగురి మధ్య ఇప్పటికీ సామెత లాగా నడుస్తోంది.

పద్నాలుగో రోజు బొమ్మ కింద "12వ రోజు బొమ్మ ఆ రోజుది కాదు, పాతది. ఆ రోజు మేము గీయలేదు" అని రాశాం. దానికి ముందు రోజు తరగతిలో చెప్పాం. ఫోనులో రాయడం కంటే తరగతిలో చెప్పడమే కష్టమైంది. ఖాతా చూసేవాళ్ళలో ఒకరిద్దరు "ఫరవాలేదు" అన్నారు, ఎక్కువమంది ఏమీ అనలేదు. తరగతిలో ఆ అమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి, "అయితే పన్నెండు కాడ ఖాళీ పెట్టాలె సార్" అంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉపాధ్యాయుడు నిజం చెప్పాలి అనే నీతికథ అయ్యేది. అదే నెలలో దీనికంటే పెద్ద తప్పు చేశాం. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

పంతొమ్మిదో రోజు. తేనె తీసే గండి బొమ్మ. వంతు వచ్చినవాడు చెంచు పిల్లవాడే, చిన్నప్పుడు తండ్రి వెంట పోయి చూసినదే. అంతా చూసినట్టే గీశాడు. నడుమ చీలిన బండ, దాని మీదికి వంగిన చెట్టు, కింద వాగు మలుపు, గండికి వేలాడే తేనెతుట్టెలు, తాడు మీద దిగుతున్న మనిషి. కింద పెంట పేరు కూడా రాశాడు. ఆ నెలలో మేమందరం గీసినవాటిలో అదే గొప్పది. అంకెలు కూడా అట్లాగే వచ్చాయి. పులిని దాటింది.

వానాకాలమంతా మూసి ఉంచిన అభయారణ్యాన్ని అక్టోబరులో మళ్ళీ తెరుస్తారు. అప్పుడు పట్నం నుంచి చూడవచ్చేవాళ్ళు ఎక్కువ. బొమ్మ పెట్టిన అయిదారు రోజులకు రెండు బండ్ల మీద నలుగురు పిల్లలు పెంటకు పోయే దారిలో ఫోను చూపించి "ఈ బండ ఎక్కడ?" అని అడిగారు. చెడ్డవాళ్ళేమీ కాదు. వీడియో తీసుకుందామని వచ్చారు. ఎవరూ చెప్పలేదు, తిరిగిపోయారు. కానీ ఆ సాయంత్రం పెంట నుంచి పెద్దమనిషి ఒకాయన మా దగ్గరికి నడిచి వచ్చాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

తేనెకు దిగేటప్పుడు పైన తాడు ఎవరు పట్టుకుంటారో చెంచుల పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాం. బామ్మర్ది పట్టుకుంటాడు. తన అక్కో చెల్లెలో ముండమోయకూడదని తాడును ప్రాణంలా పట్టుకుంటాడని పెద్దలు చెప్తారు. దిగినవాడు కూడా తుట్టెనంతా కోయడు, ఈగల కోసం కొంత వదులుతాడు. ఆ పెద్దాయన మాతో అన్నది ఇది: "కింద ఉన్నోడు ఎవరో, ఎక్కడున్నడో అందరికి చూపిస్తిరి. మీరు పైన తాడు పట్టుకునే తావుల ఉండి చేస్తిరి గద బిడ్డా."

బొమ్మను తీసేశాం. కానీ అప్పటికే ఎంతోమంది పంచుకున్నారు, కొందరు దాచుకున్నారు. ముగ్గయితే తెల్లారి ఊడ్చేస్తే పోతుంది. ఇది ఊడిస్తే పోదు. సోషల్ మీడియాకూ వాకిలికీ తేడా చూసేవాళ్ళ సంఖ్యలో ఉందని ముందు అనుకున్నాం. అసలు తేడా ఇదని తరువాత తెలిసింది. వాకిట్లో మేము చూపిస్తే చూసేవాళ్ళ మొఖం కూడా మాకు కనిపిస్తుంది. ఎవరు ఆగారు, ఎవరు తొక్కారు, ఎవరు నవ్వారు తెలుస్తుంది. ఎవరికి చూపకూడదో వాళ్ళు వస్తుంటే ఆపవచ్చు కూడా.

మన బొమ్మలు మనకు తెలియనివాళ్ళ దగ్గరికి పోవడం మనకు కొత్త కాదు. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచు పెంటల్లో ఉండి ఎన్నో ఫొటోలు తీశాడు. 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కొన్నిటిని మన ఫోనులోనే చూడవచ్చు. వాటిని చూసినప్పుడు మాకు రెండు రకాలుగా అనిపించింది. మా ముత్తాతల గుడిసె ఎట్లా కట్టేవారో, విల్లు ఎంత పొడుగు ఉండేదో చూపించే కాగితం మా ఇండ్లలో ఒక్కటి లేదు, అక్కడ ఉంది. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. అదే సమయంలో, ఆ మనుషులు కెమెరా వైపు చూస్తున్న చూపు వదలదు. ఆ డబ్బా వెనకాల ఎవరున్నారో వాళ్ళకు తెలుసు. దాని వెనక ఇంకెంత మంది నిలబడి ఉన్నారో తెలిసే దారి లేదు. ఆయన బయటివాడు, తిరిగిపోయేవాడు, వాళ్ళను అడగలేదేమో, అడిగినా వాళ్ళకు అర్థమయ్యేది కాదేమో. మాకు ఆ సాకు కూడా లేదు. మేము ఇక్కడివాళ్ళం, మాట వచ్చినవాళ్ళం, గంట నడిస్తే పెంటకు పోగలవాళ్ళం.

అట్లాగని చూపించడమే తప్పు అనే వాళ్ళతో మేము ఏకీభవించం. 2019లో అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెతుకుతారన్నప్పుడు ఏం జరిగిందో ఇక్కడ పుట్టిన ఏ యువకుడూ మరచిపోడు. అప్పుడు ఈ ఫోన్లే మాట్లాడాయి. సేవ్ నల్లమల అని బొమ్మలు, పాటలు, వీడియోలు ఊరూరా తిరిగాయి. మన్ననూరు ఎక్కడుందో తెలియని సినిమా నటులు కూడా నల్లమల పేరెత్తారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. రోడ్డు మీద కూచున్న జనం వల్లే అది జరిగింది, కానీ రోడ్డు మీద కూచున్నారని లోకానికి తెలిసింది ఫోను వల్ల. అప్పుడు పెంటల్లో ముసలివాళ్ళు కూడా "తీయి, మా మొఖం చూపించు" అన్నారు. అప్పుడు కూడా అడవినే చూపించాం, తేనెగండిలోనూ అడవినే చూపించాం. మొదటిసారి బొమ్మలో ఉన్నవాళ్ళు చూపించమన్నారు. రెండోసారి చూసేవాళ్ళు అడిగారు, మేము ఇచ్చాం. అది కూడా అడగకముందే, రోజు గడిచిపోతోందని.

రోజూ చూపించాలనే నియమానికి ఉన్న చిక్కు ఇదే అని ఇప్పుడు అనుకుంటున్నాం. అది చేతికి మంచి పని పెడుతుంది, బద్ధకాన్ని వదిలిస్తుంది. కానీ అడిగి రావడానికి సమయం ఇవ్వదు. రాత్రి పన్నెండు లోపల గీయవచ్చు. రాత్రి పన్నెండు లోపల పెంటకు పోయి, అవ్వ పక్కన కూచొని, ఆమె బొమ్మ ఆమెకు చూపించి, ఆమె పొగచుట్ట కాల్చుకొని ఆలోచించి "ఊఁ" అనేదాకా ఆగడం కుదరదు. మా మధ్య కొందరికి ఇప్పటికీ ఇది ఒప్పుకోదు. అడుక్కుంటూ కూచుంటే కళ ఎక్కడ సాగుతుంది అంటారు ఒకరు. చెట్టును అడుగుతామా, వాగును అడుగుతామా అంటారు. ఆ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. చెట్టును అడగలేం గానీ చెట్టు కింద బతికేవాళ్ళను అడగగలం అనేదాకా వచ్చాం.

మరుసటి అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి బొమ్మ గీసినరోజే బడి గోడకు అంటించాం. గోడ మీద తేదీ తప్పదు, పిల్లలు చూస్తారు. ఫోనులోకి మాత్రం బొమ్మలో ఉన్నవాళ్ళు చూసిన తరువాతే పోవాలి. గండి, గుట్ట, నీటి చెలమ లాంటివాటికి పేరు రాయకూడదు, గుర్తు తెలిసే బండ చెట్టు మార్చాలి. దీనివల్ల ఏమయిందంటే ముప్పయి ఒక్క బొమ్మలు గోడ మీద ముప్పయి ఒక్క రోజుల్లో రాలేదు, ఇరవై ఏడు వచ్చాయి. ఫోనులోకి పదహారు పోయాయి, చివరిది డిసెంబరులో. పందెం కట్టిన లెక్కలో అయితే చిత్తుగా ఓడిపోయాం. కొందరు మిత్రులు ఖాతా చచ్చిపోయిందనుకున్నారు.

ఫోనులోకి పోని వాటిలో ఒకదాని గురించి చెప్పాలి. ఒక పెంటలో చెంచు అవ్వ బుట్ట అల్లుతుంటే గీశాం. వెదురు బద్దను పంటితో పట్టుకొని, రెండు చేతులూ బుట్టలో ఉంచి, మా వైపు చూడకుండా ఉంది. బొమ్మ తీసుకుపోయి చూపిస్తే చాలాసేపు చూసింది. తన ముక్కు మీద వేలు పెట్టుకొని, బొమ్మలో ముక్కు మీద వేలు పెట్టింది. "ఫోనుల పెట్టాల్నా అవ్వా?" అని అడిగాం. "వద్దు" అంది. "నాకియ్యి" అంది. ఇచ్చాం. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి గుడిసె కప్పులో గడ్డి సందున చెక్కుకుంది. వానకు తడుస్తుందని చెప్పాం. తడవనీ అంది. మా ఐదుగురిలో ఎవరు గీసినవాటిలోనూ అంత బాగా వచ్చిన బొమ్మ ఇంకొకటి లేదు. మీకు చూపించలేం.

ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. పోయిన నెల తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. తనూ రోజుకొకటి గీస్తోందట, వేసవి సెలవులు అయిపోయినప్పటి నుంచి. ఫోను లేదు కాబట్టి ఎక్కడా పెట్టలేదు. మూలన అంకె వేసి, పేజీకొక బొమ్మ. ఒకటి, మేక. రెండు, రేకుల డబ్బా. మూడు, తమ్ముడి చెప్పులు. నాలుగో పేజీలో అంకె ఒక్కటే ఉంది.

"ఇదేంది, నాలుగు?" అన్నాం.

"ఆనాడు గియ్యలే సార్," అంది, పేజీ తిప్పి అయిదోది చూపించింది.